దయ సరే, వకీలు ఏడి?

(న్యాయ విద్యార్థులకు, పారా లీగల్ వాలంటీర్లకు జరిగిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కూర్చోండి, కూర్చోండి. వెనక వరసల వాళ్లకి వినిపిస్తోందా? సరే.

పిల్లలు చేసిన నేరాల విషయంలో చట్టం ఎలా మారుతూ వచ్చిందో చెప్పమన్నారు. దీని మీద ఎవరిని మాట్లాడమన్నా ఒకే వరసలో చెప్పుకుపోతారు. పూర్వం పిల్లల్ని కూడా పెద్దవాళ్లతో కలిపి జైల్లో పడేసేవారట, ఉరి తీసేవారట. ఆ తర్వాత మనసున్న మహానుభావులు వచ్చి దయగల చట్టాలు తెచ్చారట. ఆ దయని అలుసుగా తీసుకుని కుర్రాళ్లు రెచ్చిపోయారు కాబట్టి ఇప్పుడు చట్టాన్ని మళ్లీ బిగిస్తున్నారట. టీవీ చర్చల్లో మీరు వినేది ఇదే.

ఇందులో తారీఖులు తప్పు కాదు గానీ, అసలు సంగతి జారిపోతుంది. పిల్లలకి అన్యాయం జరిగిన చోట్లు ఒక్కొక్కటీ తీసి చూస్తే, కొన్నిచోట్ల కోపం కనిపిస్తుంది, కొన్నిచోట్ల దయే కనిపిస్తుంది. రెండు రకాల చోట్లా కనిపించనివి కొన్ని ఉన్నాయి. ముందుగా ఇచ్చిన నోటీసు, పక్కన నిలబడ్డ వకీలు, ఎదురుగా వచ్చి చెప్పిన సాక్షి, కాగితం మీద తేలిన వయసు. ఈ పూట నేను చెప్పేదంతా వీటి గురించే.

మొదట వయసు. ఇంగ్లండు పాత న్యాయ సంప్రదాయంలో ఏడేళ్ల లోపు పిల్లలు నేరం చేయలేరని ఒక సూత్రం. ఏడు నుంచి పద్నాలుగు మధ్య అయితే, మంచీ చెడూ తెలిసే చేశాడని ప్రాసిక్యూషన్ రుజువు చేయాలి. ఆ సూత్రమే మన దగ్గరికి 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్‌లో వచ్చింది. 82వ సెక్షన్: ఏడేళ్ల లోపు ఏం చేసినా నేరం కాదు. 83వ సెక్షన్: ఏడు నుంచి పన్నెండు లోపు, తాను చేసే పని ఎలాంటిదో అర్థం చేసుకునే పరిపక్వత లేకపోతే నేరం కాదు. 2024 జూలై 1న దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది, సెక్షన్ల నెంబర్లన్నీ మారాయి. ఈ రెండూ 20, 21 సెక్షన్లుగా యథాతథంగా దిగాయి. మనకి ఆ అంకె ఇచ్చిన ఇంగ్లండు 1933లో ఎనిమిదికి, 1963లో పదికి వెళ్లిపోయింది. స్కాట్లండు ఈ మధ్యే పన్నెండు చేసింది. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ 2019లో కనీసం పద్నాలుగు ఉండాలని అన్ని దేశాలకీ చెప్పింది. మనం ఏడు దగ్గరే ఉన్నాం. మనకి వేరే బాల న్యాయ చట్టం ఉంది కాబట్టి ఎనిమిదేళ్ల పిల్లవాణ్ణి ఎవరూ జైలుకి పంపరు, నిజమే. కానీ కోడ్‌ని మొత్తం తిరగరాసినప్పుడు కూడా ఆ అంకె జోలికి పోకపోవడం చూస్తే, పిల్లల సంగతి ఎవరికీ గుర్తుకు రాలేదేమో అనిపిస్తుంది.

ఇక దయ సంగతి. పందొమ్మిదో శతాబ్దంలో పిల్లల్ని పెద్ద ఖైదీల నుంచి విడదీసి వేరే చోట పెట్టాలన్న ఆలోచన బలపడింది. న్యూయార్క్‌లో 1825లో, ఇంగ్లండులో పార్క్‌హర్స్ట్ దగ్గర 1838లో అలాంటివి మొదలయ్యాయి. మంచి ఆలోచనే. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక తల్లి తన కూతురు మాట వినడం లేదని ఫిర్యాదు చేస్తే, ఆ అమ్మాయిని అలాంటి సంస్థలో పెట్టారు. ఆ పిల్ల ఏ నేరమూ చేయలేదు. తండ్రి కోర్టుకి వెళ్లి, విచారణ లేకుండా నా కూతుర్ని ఎలా నిర్బంధిస్తారని అడిగాడు. అది జైలు కాదు బడి, తల్లిదండ్రులకి చేతకానప్పుడు ప్రభుత్వమే తండ్రి అవుతుంది, కాబట్టి విచారణ అక్కర్లేదు అని కోర్టు చెప్పింది. ఇది 1830ల చివరి మాట. ఈ తర్కాన్ని గుర్తుపెట్టుకోండి. తర్వాత నూట ముప్పై ఏళ్లు దీని మీదే నడిచింది.

మన దేశంలో 1850లో అప్రెంటిసెస్ చట్టం వచ్చింది. చిన్నచిన్న తప్పులు చేసిన పిల్లల్ని ఏదో ఒక చేతిపని దగ్గర కుదర్చడానికి. తర్వాత 1876లో, 1897లో రిఫార్మేటరీ స్కూళ్ల చట్టాలు. 1897 చట్టం చదివితే రెండు విషయాలు కనబడతాయి. ఒకటి, అది అబ్బాయిలకే. పదిహేనేళ్ల లోపు మగపిల్లలు అని రాశారు. ఆడపిల్ల దొంగతనం చేస్తే ఏం చేయాలో ఆ నిర్వచనంలో లేదు. రెండోది, ఆ స్కూలుకి పంపితే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు. అదే చిన్న దొంగతనానికి పెద్దవాడికి కొన్ని నెలల శిక్ష పడొచ్చు. కుర్రాడికి మాత్రం మూడేళ్లకి తక్కువ కుదరదు, ఎందుకంటే వాడికి వేస్తున్నది శిక్ష కాదట, నేర్పుతున్నది బుద్ధి. బుద్ధి నేర్పడానికి టైము పడుతుంది కదా!

1899లో షికాగోలో ప్రపంచంలో మొట్టమొదటి బాలల కోర్టు మొదలైంది. దాని వెనక జేన్ ఆడమ్స్, జూలియా లాత్రోప్, లూసీ ఫ్లవర్ లాంటి మహిళల పట్టుదల ఉంది. వాళ్ల చిత్తశుద్ధిని నేను శంకించడం లేదు. పోలీసు సెల్లుల్లో పెద్ద నేరగాళ్ల మధ్య పడి ఉన్న పిల్లల్ని వాళ్లు కళ్లారా చూశారు. ఆ పిల్లల్ని బయటికి తేవాలనుకున్నారు, తెచ్చారు. ఆ నమూనా చాలా తొందరగా పాకింది. 1908లో కెనడా, అదే ఏడాది ఇంగ్లండు. మన దేశంలో మొదటగా 1920లో మద్రాసు ప్రెసిడెన్సీ చిల్డ్రన్ యాక్ట్ తెచ్చింది, 1922లో బెంగాల్, 1924లో బొంబాయి. అంటే మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న మన జిల్లాలు ఈ విషయంలో దేశానికి ముందు నడిచాయి. ఇది మనలో చాలామందికి తెలియదు.

ఈ కోర్టులో జడ్జి తండ్రి లాంటివాడు. తండ్రి దగ్గర కొడుక్కి వకీలెందుకు? తండ్రి అడిగే ప్రశ్నలకి రికార్డెందుకు? దిద్దుకోవడానికి గడువెందుకు? అలా వకీలు పోయాడు, రికార్డు పోయింది, శిక్ష ఎన్నాళ్లో ముందే తెలియడమూ పోయింది. కెనడా చట్టంలో అయితే దొంగతనం దగ్గర్నుంచి లైంగిక అనైతికత దాకా అన్నీ కలిపి ఒకటే ముద్ర. అది ఒకసారి పడితే ఇరవై ఒక్క ఏళ్లు వచ్చేదాకా కోర్టు ఎప్పుడైనా మళ్లీ పిలవొచ్చు.

ఈ దయ ఎంతదూరం వెళ్లిందో ఒక్క కేసులో చూపిస్తాను. లా చదివేవాళ్లు పేరు వినే ఉంటారు, గాల్ట్ కేసు. కానీ సూత్రం ఒక్కటి బట్టీ పట్టి వదిలేస్తారు. అసలు ఏం జరిగిందో వినండి.

1964 జూన్ 8. అమెరికాలో అరిజోనా రాష్ట్రం. పదిహేనేళ్ల జెరాల్డ్ గాల్ట్. పొరుగున ఉండే ఒకావిడకి ఎవరో ఫోన్ చేసి అసభ్యంగా మాట్లాడారని ఆవిడ ఫిర్యాదు చేస్తే, ఉదయం పది గంటల ప్రాంతంలో వీణ్ణీ, వీడి స్నేహితుణ్ణీ ఇంటి నుంచి తీసుకెళ్లారు. తల్లీ తండ్రీ ఇద్దరూ పనికి వెళ్లారు. ఇంట్లో ఒక చీటీ అయినా పెట్టలేదు. సాయంత్రం ఆరింటికి తల్లి వచ్చి చూస్తే కొడుకు లేడు. పెద్దకొడుకుని వెతకడానికి పంపితే, ఆ స్నేహితుడి ఇంట్లో వాళ్ల ద్వారా తెలిసింది. మర్నాడు జడ్జి గదిలో విచారణ. ఎవరితోనూ ప్రమాణం చేయించలేదు. ఎవరు ఏమన్నారో రాసినవాడు లేడు. తర్వాత కొన్నాళ్లకి, పిల్లవాడు ఫోన్ డయల్ చేశానని మాత్రమే ఒప్పుకున్నాడని తల్లి చెప్పింది, అసభ్యంగా మాట్లాడినట్టు కూడా ఒప్పుకున్నాడని జడ్జి చెప్పాడు. రికార్డు లేదు కాబట్టి ఎవరి జ్ఞాపకం వాళ్లది.

తర్వాతి విచారణ జూన్ 15 అని తల్లికి ఒక మామూలు తెల్లకాగితం మీద రాసి పంపారు. ఆ రోజు ఆవిడ ఒకటే అడిగింది. ఫిర్యాదు చేసినావిణ్ణి పిలిపించండి, ఇద్దరిలో ఎవరు మాట్లాడారో ఆవిడ్నే చెప్పమనండి అంది. ఆవిడ రావాల్సిన పని లేదన్నాడు జడ్జి. కుర్రాణ్ణి రాష్ట్ర ఇండస్ట్రియల్ స్కూలుకి పంపించారు. ఎన్నాళ్లు? ఇరవై ఒక్క ఏళ్లు వచ్చేదాకా. అంటే దాదాపు ఆరేళ్లు. అదే తప్పు ఒక పెద్దవాడు చేస్తే అరిజోనా చట్టం ప్రకారం ఐదు నుంచి యాభై డాలర్ల జరిమానా, లేదంటే రెండు నెలలకి మించని జైలు. బాలల కేసుల్లో అప్పీలు కూడా లేదు. తల్లిదండ్రులు తమ కొడుకుని అక్రమంగా నిర్బంధించారంటూ హెబియస్ కార్పస్ పిటిషన్ వేసుకుని పోరాడుతూ సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది.

1967 మే 15న తీర్పు వచ్చింది. జస్టిస్ ఏబ్ ఫోర్టాస్ రాశారు. పిల్లవాడికీ నోటీసు ఇవ్వాలి, వకీలు ఉండాలి, సాక్షిని ఎదురుగా ప్రశ్నించే అవకాశం ఉండాలి, తనకి వ్యతిరేకంగా తానే చెప్పుకోనక్కర్లేని హక్కు ఉండాలి. తండ్రి వేషం వేసుకుని వచ్చిన ప్రభుత్వం ఈ నాలుగూ తీసేసింది, వాటిని మళ్లీ తెచ్చి పెట్టారు. ప్రపంచంలో ఆ తర్వాత వచ్చిన బాల న్యాయ చట్టాలన్నిటి మీదా ఈ తీర్పు నీడ ఉంది. బాల న్యాయం మీద ఐక్యరాజ్యసమితి చేసిన 1985 నాటి బీజింగ్ నియమాలు, 1989 నాటి బాలల హక్కుల ఒప్పందంలో 40వ అధికరణం చదవండి, తెలుస్తుంది.

అయితే హక్కులు రాగానే అంతా సర్దుకుందా అంటే, లేదు. కెనడా చూడండి. 1908 చట్టాన్ని తీసేసి 1984లో యంగ్ అఫెండర్స్ యాక్ట్ అమల్లోకి తెచ్చారు. వకీలు వచ్చాడు, శిక్షకి గడువు వచ్చింది, వయసు పన్నెండు నుంచి పదిహేడు అని తేలింది. కానీ చిన్నచిన్న తప్పులకి కూడా పిల్లల్ని కస్టడీకి పంపడం ఆగలేదు. పిల్లల నిర్బంధంలో పాశ్చాత్య దేశాల్లో కెనడా ముందువరసలో ఉండేది. దాంతో 2003 ఏప్రిల్ 1 నుంచి యూత్ క్రిమినల్ జస్టిస్ యాక్ట్. ఇందులో తెలివైన పని ఏమిటంటే, జడ్జి మంచితనానికి వదిలేయకుండా, ఫలానా పరిస్థితులు ఉంటే తప్ప కస్టడీకి పంపకూడదని చట్టంలోనే గీత గీశారు. చిన్న కేసుల్ని కోర్టు బయటే తేల్చాలని పోలీసులకీ చెప్పారు. కస్టడీలో ఉన్న పిల్లల సంఖ్య బాగా తగ్గింది. తర్వాత 2008లో ఆ దేశ సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. తీవ్రమైన నేరాల్లో తనకి పెద్దవాళ్ల శిక్ష ఎందుకు వేయకూడదో కుర్రాడే చెప్పుకోవాలన్న నిబంధన చెల్లదంది. వేయాలంటే ఎందుకు వేయాలో ప్రభుత్వమే చెప్పాలి.

అమెరికా 1990లలో వేరే దారి పట్టింది. కరుడుగట్టిన కుర్ర నేరగాళ్ల తరం ఒకటి రాబోతోందని కొందరు మేధావులు జోస్యం చెప్పారు. దాదాపు ప్రతి రాష్ట్రమూ పిల్లల్ని పెద్దల కోర్టుకి పంపడం సులువు చేసేసింది. ఆ తరం రాలేదు. 1990ల మధ్య నుంచి కుర్రాళ్ల హింస తగ్గుతూ పోయింది. చట్టాలు మాత్రం పుస్తకాల్లోనే ఉండిపోయాయి. పద్దెనిమిదేళ్ల లోపు నేరం చేసినవాళ్లకి ఉరిశిక్ష వేయకూడదని అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది ఎప్పుడో తెలుసా? 2005లో.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం.

స్వాతంత్ర్యం తర్వాత 1960లో కేంద్రపాలిత ప్రాంతాల కోసం చిల్డ్రన్ యాక్ట్ వచ్చింది. అబ్బాయి అయితే పదహారు లోపు, అమ్మాయి అయితే పద్దెనిమిది లోపు. రాష్ట్రాల చట్టాలు దేనికదే. ఒక రాష్ట్రంలో పిల్లవాడు, సరిహద్దు దాటితే పెద్దవాడు! పిల్లలు మామూలు జైళ్లలో మగ్గుతున్నారని షీలా బర్సే అనే పాత్రికేయురాలు సుప్రీంకోర్టుకి వెళ్లారు. 1986లో కోర్టు జైళ్లలో ఉన్న పిల్లల లెక్కలు అడిగింది, దేశమంతటికీ ఒకే చట్టం ఉండాలంది. అదే ఏడాది జువెనైల్ జస్టిస్ యాక్ట్ వచ్చింది. 1992లో బాలల హక్కుల ఒప్పందానికి మన దేశం ఒప్పుకుంది. ఆ ఒప్పందంలో పిల్లలంటే పద్దెనిమిది లోపు. అందుకని 2000 చట్టంలో అబ్బాయిలకీ పద్దెనిమిదే చేశారు. మేజిస్ట్రేటు ఒక్కరే కాకుండా ఇద్దరు సామాజిక కార్యకర్తలు, అందులో కనీసం ఒక మహిళ, ఈ ముగ్గురూ కలిసి జువెనైల్ జస్టిస్ బోర్డు. నేరం ఏదైనా స్పెషల్ హోమ్‌లో గరిష్ఠంగా మూడేళ్లు.

ఇంతవరకూ పుస్తకంలో ఉంటుంది. నేను ఎక్కువసేపు చెప్పాలనుకున్నది ఇప్పుడు మొదలవుతుంది.

పద్దెనిమిది అని రాశారు, బాగుంది. ఏ రోజుకి పద్దెనిమిది? నేరం జరిగిన రోజుకా, కోర్టు ముందుకి తెచ్చిన రోజుకా? చట్టంలో స్పష్టంగా లేదు. 2000లో సుప్రీంకోర్టు ఒక కేసులో కోర్టు ముందుకి తెచ్చిన రోజుకి అంది. అంటే పదిహేడున్నర ఏళ్ల కుర్రాణ్ణి ఆరు నెలలు ఆగి పట్టుకుంటే వాడు పెద్దవాడైపోతాడు. 2005లో రాజ్యాంగ ధర్మాసనం ప్రతాప్ సింగ్ కేసులో దాన్ని సరిచేసింది, నేరం జరిగిన రోజే లెక్క అని. 2006 సవరణ ఇంకా ముందుకి వెళ్లింది. నేను అప్పటికి మైనర్‌నని ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా, కేసు పూర్తిగా అయిపోయాక కూడా చెప్పుకోవచ్చు.

ఇదంతా సాంకేతికం అనుకుంటున్నారా? 1994 ఆగస్టులో పుణెలో ఒకే ఇంట్లో ఏడుగురు హత్యకి గురయ్యారు. అందులో ఒక గర్భిణి ఉంది, పిల్లలున్నారు. ఘోరమైన కేసు. రాజస్థాన్ నుంచి వచ్చిన ఒక కుర్రాణ్ణి అందులో నిందితుడిగా పట్టుకున్నారు. కాగితాల్లో పెద్దవాడని రాశారు. 1998లో ఉరిశిక్ష పడింది, 2000లో సుప్రీంకోర్టు కూడా ఖాయం చేసింది. చాలా ఏళ్ల తర్వాత తన వయసు తేల్చమని అడిగాడు. సొంత ఊరి బడి అడ్మిషన్ రిజిస్టరు తీసి చూశారు. అక్కడ పేరు కోర్టు కాగితాల్లో ఉన్న పేరులా లేదు, అది కూడా తేల్చాల్సి వచ్చింది. చివరికి తేలిందేమిటంటే, నేరం జరిగిన రోజుకి వాడి వయసు పన్నెండేళ్ల ఆరు నెలలు. 2023 మార్చి 27న సుప్రీంకోర్టు విడుదల చేసింది. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లకి పైగా జైల్లో ఉన్నాడు, చాలాకాలం ఉరి నీడలోనే. బాలల చట్టం కింద గరిష్ఠంగా పడేది మూడేళ్లు.

ఇందులో చట్టం తప్పు ఎక్కడుంది? ఏ చట్టమూ పన్నెండేళ్ల పిల్లవాణ్ణి ఉరి తీయమని చెప్పలేదు. మొదటి రోజున వయసు ఎంతని గట్టిగా అడిగి, కాగితం తెప్పించిన వకీలు లేడు, అంతే. 2025 జనవరిలో ఇలాంటిదే ఇంకొకటి వచ్చింది. నేరం నాటికి పద్నాలుగేళ్లు, పాతికేళ్ల జైలు. ఒక కోర్టు తర్వాత ఒక కోర్టు ఆ మాట పట్టించుకోలేదని సుప్రీంకోర్టే ఒప్పుకుంది.

ఇక మీరు ఎదురుచూస్తున్న సంగతి. 2012 డిసెంబరు 16, ఢిల్లీ, నిర్భయ సామూహిక అత్యాచారం కేసు. ఆరుగురు నిందితుల్లో ఒకడికి పద్దెనిమిది నిండడానికి కొన్ని నెలలే తక్కువ. దేశమంతా రగిలిపోయింది, ఆ కోపంలో న్యాయం ఉంది. అత్యాచార చట్టాల్లో మార్పులు సూచించడానికి వేసిన జస్టిస్ వర్మ కమిటీ 2013 జనవరి 23న నివేదిక ఇచ్చింది, వయసు తగ్గించనక్కర్లేదంది. అదే ఏడాది జూలైలో సుప్రీంకోర్టు కూడా చట్టాన్ని సమర్థించింది. కానీ 2015 డిసెంబరు 20న ఆ కుర్రాడు మూడేళ్లు ముగించుకుని బయటికి వచ్చాడు, 22న రాజ్యసభ కొత్త బిల్లు పాస్ చేసింది. రెండు రోజులు! కొత్త చట్టం పాత నేరానికి వర్తించదు కాబట్టి, ఆ హడావుడి వల్ల ఆ కేసులో వెంట్రుకవాసి మార్పు కూడా రాలేదు.

ఆ 2015 చట్టమే ఇప్పుడు నడుస్తోంది. 15వ సెక్షన్ ముఖ్యం. పదహారు నిండి పద్దెనిమిది లోపు ఉన్నవాడు హేయమైన నేరం, అంటే కనీస శిక్షే ఏడేళ్లు లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న నేరం చేశాడని ఆరోపణ వస్తే, బోర్డు ప్రాథమిక అంచనా వేయాలి. వాడికి ఆ నేరం చేసే మానసిక, శారీరక శక్తి ఉందా, పర్యవసానం తెలిసిందా, ఏ పరిస్థితుల్లో చేశాడు? దాన్ని బట్టి పెద్దవాడిగా విచారించాలో లేదో తేలుతుంది. అలా విచారించినా ఉరిశిక్ష లేదు, విడుదలకి ఆస్కారమే లేని యావజ్జీవమూ లేదు.

నాకు ఈ సెక్షన్ మీద పెద్ద అనుమానం ఉంది, దాచుకోను. నేరం జరిగిన నెలల తర్వాత, హోమ్‌లో భయపడుతూ కూర్చున్న పిల్లవాణ్ణి ఒక గంట మాట్లాడించి, ఆ రోజు వాడి బుర్ర ఎలా పనిచేసిందో చెప్పగలిగే సైన్సు ఎక్కడుంది? పైగా వాడు నేరం చేశాడో లేదో ఇంకా తేలనే లేదు. చేశాడు అనుకుని పరిస్థితులు అడగాలి!

ఇంకో చిక్కు. ఈ చట్టం రాసినప్పుడు అందరి మనసులో ఉన్నది ఢిల్లీ. కానీ వలలో పడేది ఎవరు? పదిహేడేళ్ల కుర్రాడు, పదహారున్నర ఏళ్ల అమ్మాయి లేచిపోయారు. అమ్మాయి నాన్న కేసు పెట్టాడు. మైనర్ కాబట్టి ఆమె ఇష్టానికి విలువ లేదు, పోక్సో కేసు, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం కింద కేసు. 2019 సవరణ తర్వాత దానికి కనీస శిక్ష పదేళ్లు. ఏడు దాటింది కదా, హేయమైన నేరం అయింది. ఇప్పుడు ఆ కుర్రాణ్ణి బోర్డు ముందు కూర్చోబెట్టి, పర్యవసానం తెలిసే చేశావా అని అడగాలి. మీరు వాలంటీర్లుగా వెళ్తే ఇలాంటి కేసులు తప్పకుండా ఎదురవుతాయి.

ఒక్క మాట, 2020లో సుప్రీంకోర్టు శిల్పా మిట్టల్ కేసులో ఒక సందు పూడ్చింది. గరిష్ఠ శిక్ష ఏడేళ్లు దాటినా కనీస శిక్ష ఏమీ లేని నేరాల్ని హేయమైనవాటిలో కలపకూడదంది. 2021లో పార్లమెంటు దాన్నే చట్టంలో రాసింది.

ఇక రేపు మీరు వెళ్లే చోటు. రూల్సు చదివితే ముచ్చటేస్తుంది. బోర్డు కూర్చునే గది కోర్టులా కనిపించకూడదు. ఎత్తయిన వేదిక ఉండకూడదు, బోను ఉండకూడదు. పిల్లవాణ్ణి లాకప్‌లో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు, ఇరవై నాలుగు గంటల్లో బోర్డు ముందు పెట్టాలి. నేరం బెయిలబుల్ అయినా కాకపోయినా బెయిలే మామూలు పద్ధతి, కాదనాలంటే కారణం రాయాలి. పేరు, ఫొటో ఎవరూ వేయకూడదు.

ఇప్పుడు ఆ గది బయట వరండా చూడండి. ఒక తల్లి నిలబడి ఉంటుంది, చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సు, ఎప్పటిదో ఆసుపత్రి చీటీ. ఎవరు అడిగినా ఆధార్ తీసి ఇస్తుంది. కానీ వయసు ఎలా తేల్చాలో చెప్పే 2015 చట్టం 94వ సెక్షన్‌లో ఆధార్ ఊసే లేదు. మొదట బడి ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతి సర్టిఫికెట్. అది లేకపోతే మునిసిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. అవేవీ లేకపోతేనే ఎముకల పరీక్ష. పుట్టినతేదీకి ఆధార్ రుజువు కాదని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో ఒక ప్రమాద పరిహారం కేసులో మళ్లీ చెప్పింది. కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని ఆ తల్లిని కూర్చోబెట్టి, బాబు ఒకటో తరగతి ఎక్కడ చదివాడమ్మా అని అడగడం. ఆ బడికి మనిషిని పంపి అడ్మిషన్ రిజిస్టరు నకలు తెప్పించండి. మన బడుల్లో సగం మంది జూన్ నెలలోనే పుట్టి ఉంటారు, హెడ్మాస్టర్ల పుణ్యమా అని. (నవ్వులు) నవ్వొచ్చే సంగతే గానీ, ఆ తేదీ మీదే ఒక జీవితం అటో ఇటో అవుతుంది. అందుకే తేదీ మీద అనుమానం ఉంటే మిగతా కాగితాలు కూడా పోగు చేయండి.

ఏమ్మా, చెయ్యి ఎత్తారు? అడగండి.

(సభలో ఒకరి ప్రశ్న: మీరంతా నిందితుడి వైపే మాట్లాడారు. చనిపోయినవాళ్ల ఇంట్లో వాళ్ల గతేమిటి సార్?)

సరైన ప్రశ్న. ఒక కేసు చెప్పి ముగిస్తాను. 2017 సెప్టెంబరులో గురుగ్రామ్‌లో ఒక స్కూల్లో ఏడేళ్ల పిల్లవాణ్ణి గొంతుకోసి చంపేశారు. పోలీసులు అదే రోజు స్కూలు బస్సు కండక్టర్ని పట్టుకున్నారు, ఒప్పుకున్నాడని చెప్పారు. జనం ఊరుకున్నారా, అతణ్ణి ఉరి తీయాలన్నారు. తండ్రి మాత్రం సీబీఐ దర్యాప్తు కావాలని పట్టుబట్టాడు. సీబీఐ వచ్చాక కండక్టర్‌కి సంబంధం లేదని తేల్చింది, అదే స్కూల్లో పదకొండో తరగతి చదివే పదహారేళ్ల కుర్రాణ్ణి పట్టుకుంది. 2018 ఫిబ్రవరిలో కోర్టు కండక్టర్ని కేసు నుంచి తప్పించింది.

ఆ కుర్రాణ్ణి పెద్దవాడిగా విచారించాలని బోర్డు తేల్చింది. అంచనా సరిగా వేయలేదు, నివేదికలు కుర్రాడి వైపు వాళ్లకి సరిగా ఇవ్వలేదు, మళ్లీ వేయండి అని 2018లో హైకోర్టు వెనక్కి పంపింది. దాని మీద తండ్రి సుప్రీంకోర్టుకి వెళ్లాడు. హైకోర్టు చెప్పిందే సరైనదని, ఇలాంటి అంచనాకి మానసిక నిపుణుల సాయం తప్పదని, దీనికి మార్గదర్శకాలే లేవు కాబట్టి తయారు చేయాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు తేదీ 2022 జూలై 13. బోర్డు 2017 డిసెంబరులోనే నిపుణుల్ని సరిగ్గా పిలిచి, కుర్రాడి వకీలుకి కాగితాలన్నీ ఇచ్చి ఉంటే, ఆ తండ్రికి ఈ నాలుగున్నర ఏళ్లు కోర్టుల చుట్టూ తిరగాల్సిన పని ఉండేది కాదు.

ఇంకా ఎవరైనా?